నీళ్లెటు పోతాయి? 1853 నాటి నోట్రడామ్ ఫొటో, నేను రాసిన తప్పు కాప్షన్

నేను పాత పద్ధతుల్లో ఫొటో ప్రింట్లు వేస్తాను. సాల్ట్ ప్రింట్, సయనోటైప్, అప్పుడప్పుడు ఆల్బ్యుమెన్. మ్యూజియంలు ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టిన స్కాన్ తీసుకుని, దాన్నుంచి డిజిటల్ నెగెటివ్ చేసి, ఆ కాలపు రసాయనాలతోనే మళ్లీ కాగితం మీదికి దించడం నా పని. నిరుడు హైదరాబాద్‌లో ఒక చిన్న ఎగ్జిబిషన్ వాళ్లు పన్నెండు ప్రింట్లు కావాలన్నారు. ఒక్కోదానికి ఎనభై మాటలు మించకుండా కాప్షన్ కూడా నేనే రాయాలి. పదకొండు సాఫీగా అయిపోయాయి. పన్నెండోది నాలుగు వారాలు తినేసింది.

ఆ పన్నెండోది షార్ల్ నెగ్ర్ 1853లో పారిస్‌లో తీసిన ఫొటో. కాగితం నెగెటివ్ నుంచి వేసిన సాల్ట్ ప్రింటు. నోట్రడామ్ కెథెడ్రల్ ముందు భాగంలో రెండు పెద్ద బురుజులు ఉంటాయి కదా, వాటి మొదట్లో చుట్టూ తిరిగే ఒక నడవా ఉంది. దాని పిట్టగోడ మూల మీద కొమ్ములూ రెక్కలూ ఉన్న ఒక రాతి జీవి, గడ్డం కింద రెండు చేతులూ పెట్టుకుని, నాలుక బయటపెట్టి, ఊరిని చూస్తూ ఉంటుంది. దానికి కాస్త దూరంలో, అదే పిట్టగోడ దగ్గర, పొడుగాటి నల్ల టోపీ పెట్టుకున్న ఒక మనిషి. కింద ఎక్కడో పారిస్ ఇళ్ల కప్పులు, పాలలో ముంచి తీసినట్టు. ఆకాశంలో ఏమీ లేదు, వట్టి కాగితం.

దీన్ని అందరూ ‘స్ట్రీజ్’ అంటారు. రక్తం తాగే రాత్రి పక్షి, పిశాచి లాంటి అర్థం. పంతొమ్మిదో శతాబ్దపు గోథిక్ ఫొటో ఒక్కటి చెప్పమంటే చాలామంది దీన్నే చెబుతారు. నేనూ అదే ఊపులో రాసేశాను: “మధ్యయుగపు శిల్పులు దుష్టశక్తులను పారదోలడానికి కెథెడ్రల్ గోడల మీద చెక్కిన గార్గోయిల్. ఏడు వందల ఏళ్లుగా పారిస్‌ను కనిపెట్టుకుని ఉన్న చెడుకు ప్రతీక.” బాగుంది అనుకున్నాను కూడా. ఇందులో దాదాపు ప్రతి ముక్కా తప్పే.

తప్పు పట్టుకున్నది ఫొటోగ్రాఫరూ కాదు, చరిత్రకారుడూ కాదు. మా వీధిలో ఉండే రిటైర్డ్ ఇరిగేషన్ ఇంజనీరుగారు. నా ప్రింట్లు ఎండలో ఆరుతుంటే వచ్చి చూస్తుంటారు. కాప్షన్ కాగితం చేతిలోకి తీసుకుని చదివి, కళ్లజోడు పైకి నెట్టి, ఫొటో వైపు చూసి అడిగారు.

“గార్గోయిల్ అంటే ఏంటయ్యా?”

“పైకప్పు మీది వాన నీళ్లు గోడకి తగలకుండా దూరంగా పోసే తూము సార్. జంతువు ఆకారంలో చెక్కుతారు. మన గుళ్లలో అభిషేకం నీళ్లు బయటికి వచ్చే చోట మకర ముఖం పెడతారు చూడండి, అలాంటిది.”

“మరి దీని నోట్లో నాలుక ఉందిగా. మెడ అడ్డంగా ముందుకు సాగి లేదు. చేతులు గడ్డం కింద ఉన్నాయి. నీళ్లెటు పోతాయి?”

నా దగ్గర జవాబు లేదు. ఎటూ పోవు. అది తూము కాదు.

తూము కాకపోతే ఏంటి

ఫ్రెంచిలో ఈ తేడాకి వేరువేరు మాటలున్నాయి. నీళ్లు పోసేది ‘గార్గుయ్’, ఆ మాటలోనే గొంతు అన్న అర్థం ఉంది. నీళ్లు పోయకుండా ఊరికే కూర్చునేది ‘షిమేర్’. నోట్రడామ్ మీద అసలైన తూములు ఉన్నాయి. అవి మెడలు చాచి గోడ నుంచి బయటికి పొడుచుకుని ఉంటాయి, వాటి పని గోడ సున్నం తడిసి రాలిపోకుండా చూడడం. మన ‘స్ట్రీజ్’ షిమేర్ల జాతి. ఆ నడవా చుట్టూ ఇలాంటివి 54 ఉన్నాయి.

ఇక్కడి నుంచి దారం లాగితే మొత్తం ఊడొచ్చింది. ఆ 54 బొమ్మల్లో ఏ ఒక్కటీ మధ్యయుగానిది కాదు. కెథెడ్రల్ కట్టడం 1163లో మొదలైంది, బురుజులు పదమూడో శతాబ్దం మధ్యకి పూర్తయ్యాయి. అంతవరకు నా ఏడు వందల ఏళ్ల లెక్క సరే. కానీ ఫ్రెంచి విప్లవం రోజుల్లో జనం ముందు గోడ మీది 28 మంది రాజుల విగ్రహాల తలలు నరికేశారు (బైబిల్ రాజులను ఫ్రాన్స్ రాజులనుకున్నారు, ఆ తలల్లో చాలావరకు 1977లో పారిస్‌లోనే వేరే భవనం దగ్గర తవ్వుతుంటే బయటపడ్డాయి). తరవాత భవనం పాడుబడింది. 1831లో విక్టర్ హ్యూగో ఈ కెథెడ్రల్ పేరుతోనే నవల రాశాక జనానికి దాని మీద మళ్లీ మమకారం పుట్టింది. 1844లో మరమ్మతు పని లాసూస్, వియొలె-ల-ద్యూక్ అనే ఇద్దరు ఆర్కిటెక్టులకి అప్పగించారు. పని 1845లో మొదలై 1864 దాకా సాగింది. ఈ షిమేర్లు ఆ పనిలో భాగం. వియొలె-ల-ద్యూక్ బొమ్మలు గీశాడు, శిల్పులు చెక్కారు.

అంటే నెగ్ర్ కెమెరా పెట్టేసరికి ఆ ‘ప్రాచీన రాక్షసుడి’ వయసు ఎక్కువలో ఎక్కువ ఎనిమిదేళ్లు. టోపీ పెట్టుకున్న మనిషికి ముప్పై అయిదు. ఫ్రేములో ఇద్దరిలో పెద్దవాడు మనిషే.

ఇది తెలిశాక నాకు ముందు కోపం వచ్చింది, తరవాత నవ్వొచ్చింది. గోథిక్ అంటే ఏంటో మనవాళ్లకి చెప్పడానికి నేను ఎప్పుడూ మెదక్ చర్చినే చూపిస్తాను. మొన తేలిన కమానులు, రంగుటద్దాల కిటికీలు, అన్నీ అక్కడున్నాయి. 1924లో పూర్తయిందని అందరికీ తెలుసు కాబట్టి దాన్ని ఎవరూ మధ్యయుగపు కట్టడం అనరు. అదే పారిస్ అనేసరికి రాయి కనిపించిన ప్రతిచోటా ఏడొందల ఏళ్లు కలిపేస్తాం.

పేరు చేసిన పని

రెండో తప్పు ‘చెడుకు ప్రతీక’. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో వెతికితే బొమ్మలో కాదు, పేరులో దొరికింది. ఆ పేరు ఫొటోది కాదు. అదే 1853లో షార్ల్ మెర్యోన్ అనే చిత్రకారుడు ఇదే బొమ్మని రాగిరేకు మీద ఎచింగ్ చేశాడు. దానికి ‘స్ట్రీజ్’ అని పేరు. కింద రెండు పాదాల పద్యం కూడా చెక్కాడు: తీరని దాహం గల పిశాచం, ఎన్నటికీ చావని కామం, మహానగరం మీద తన మేత కోసం ఆశగా చూస్తోంది అని దాని భావం. మెర్యోన్ మనసు అప్పటికే కుదురుగా లేదు. చివరికి పారిస్ దగ్గరి షరాంతోన్ మానసిక ఆసుపత్రిలో 1868లో పోయాడు. ఆ ఎచింగ్ పేరు మెల్లగా రాతిబొమ్మకి, దాంతోపాటు నెగ్ర్ ఫొటోకి అంటుకుంది.

దీన్ని వర్క్‌షాపులో పరీక్షించాను. ఒక బ్యాచ్‌కి పేరు చెప్పకుండా ప్రింటు చూపించి, మీకేం అనిపిస్తోందో ఒక్క మాటలో రాయమన్నాను. “బోర్”, “ఎదురుచూపు”, “బెంగ”, ఒకమ్మాయి “ఆదివారం సాయంత్రం” అని రాసింది. ఇంకో బ్యాచ్‌కి పేరూ దాని అర్థమూ ముందే చెప్పి చూపించాను. “భయం”, “పాపం”, “శాపం”. బొమ్మ అదే, చేతులు అవే. ఇది శాస్త్రీయమైన పరీక్షేమీ కాదు, పదీ పన్నెండు మంది మాటలు. అయినా నాకు చాలింది.

మొదటి బ్యాచ్ చూసిందే బొమ్మలోని అసలు ముద్రకి దగ్గర. తలకి చెయ్యి ఆనించి కూర్చోవడం యూరప్ కళలో చాలా పాత గుర్తు, దిగులుకి. 1514లో జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ చేసిన మెలన్‌కోలియా చిత్రంలో రెక్కలున్న స్త్రీ చెంపకి పిడికిలి ఆనించి కూర్చుని ఉంటుంది. రెక్కలూ ఉన్నాయి, చెయ్యీ ఉంది. వియొలె-ల-ద్యూక్ కాలపు చదువుకున్నవాడికి ఈ లెక్క తెలియకుండా ఉండదు. మనకీ దీనికి నిఘంటువు అక్కర్లేదు. చెంపకి చెయ్యి పెట్టుకుని కూర్చుంటే మా నాయనమ్మ “ఏం పోయిందని అలా కూర్చున్నావు, తియ్యి చెయ్యి” అని ఒక్కటి వేసేది.

పాలలో ముంచిన ఊరు

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన ముక్క. ఈ ఫొటో గురించి చదివేటప్పుడు తరచూ ఎదురయ్యే మాట, ‘కలలా కరిగిపోతున్న నగరం’ అని. ముందున్న రాయి గట్టిగా, నల్లగా. వెనకున్న ఊరు పొగమంచులా. దాన్ని బట్టి శాశ్వతమైన గోథిక్, క్షణికమైన నగరం అంటూ పెద్ద పెద్ద అర్థాలు లాగుతారు. నాకు అనుమానం వచ్చింది. ఇందులో నెగ్ర్ ఉద్దేశం ఎంత, వెండి లవణాల పుణ్యం ఎంత?

ఆ రోజుల్లో కాగితం నెగెటివ్‌లో వాడిన సిల్వర్ అయొడైడ్ నీలం, ఊదా, వాటికవతల కంటికి కనిపించని కాంతికి మాత్రమే స్పందిస్తుంది. ఎరుపు, పసుపు దానికి దాదాపు చీకటే. దూరంగా ఉన్నవాటి మీద గాలిలోని పొర నీలంగా ఉంటుంది. మన కంటికి అది పల్చటి తెర, ఆ నెగెటివ్‌కి మాత్రం అది వెలుగే. అందుకే దూరం వెళ్లేకొద్దీ అంతా తెల్లబడిపోతుంది. ఆకాశమైతే ఖాళీ. ఇదే తలనొప్పి మన దక్షిణాదిలోనూ ఉండేది: 1850లలో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ ఫొటోగ్రాఫర్‌గా పనిచేసిన లినియస్ ట్రైప్ కాగితం నెగెటివ్‌లే వాడాడు, ఆకాశం వట్టిపోతోందని కొన్నిటి మీద మబ్బులు చేత్తో దిద్దాడు.

మా అపార్ట్‌మెంట్ డాబా మీద ప్రయత్నించాను. పిట్టగోడ, దాని వెనక రెండు కిలోమీటర్ల దూరంలో బిల్డింగులు, ఆ వెనక గుట్ట. ఒకే చోటి నుంచి డిజిటల్ కెమెరాతో తీసి, ఒకటి మామూలు బ్లాక్ అండ్ వైట్‌గా, ఇంకొకటి నీలం చానెల్ మాత్రం ఉంచి మార్చాను. మామూలుదాంట్లో గుట్ట మీది సెల్ టవర్ కూడా తెలుస్తోంది. నీలం చానెల్‌లో టవర్ లేదు, గుట్ట ఉందా లేదా అన్నట్టుంది, బిల్డింగులు బూడిద రంగు నీడలు. పిట్టగోడ మాత్రం చెక్కినట్టు నిలబడింది. నేను ఏ అర్థమూ పెట్టలేదు. శుక్రవారం మధ్యాహ్నం, కింద గ్యాస్ బండి హారన్ కొడుతోంది. అయినా నా నగరం కలలా కరిగిపోయింది.

కాబట్టి ‘కరిగే నగరం’ని కాప్షన్‌లోంచి తీసేద్దామనుకున్నాను. కానీ పూర్తిగా తీసేయడమూ న్యాయం కాదు. నెగ్ర్ పెయింటర్‌గా తయారైనవాడు, చిత్రకారుడు దెలారోష్ దగ్గర నేర్చుకున్నాడు. తన పదార్థం ఏం చేస్తుందో అతనికి నాకన్నా బాగా తెలుసు. ఊరు తెల్లబడుతుందని తెలిసే ఆ నల్ల టోపీని దాని ముందు నిలబెట్టి ఉండొచ్చు. రసాయనం ఇచ్చింది, అతను వాడుకున్నాడు. నేను వెళ్లగలిగింది అంతవరకే.

డాబా మీద ఇంకో పాఠం కూడా అయింది. అసలు కాగితం నెగెటివ్ కూడా చేద్దామని, కాగితానికి మైనం పట్టించి, వెండి లవణాలు ఎక్కించి, మా బావమరిదిని పిట్టగోడ దగ్గర నిలబెట్టాను. టోపీ లేదు, నల్ల గొడుగు ఇచ్చాను. ఎక్స్‌పోజర్ నాలుగు నిమిషాలు. “బావా, ఈగ వాలింది” అన్నాడు రెండో నిమిషంలో. నెగెటివ్ కడిగి ప్రింటు వేస్తే పిట్టగోడ అంచు బ్లేడులా వచ్చింది, గొడుగు వచ్చింది, తల మాత్రం తెల్లటి మరక. వాళ్లమ్మ ఆ ప్రింటు ఇంట్లో పెట్టొద్దంది. రెండోసారి మోచెయ్యి గోడకి ఆనించి, గడ్డం కింద చెయ్యి పెట్టుకోమన్నాను. ముఖం వచ్చింది, కాస్త మెత్తగా, కానీ ముఖమే.

ఆ ప్రింటు హైపోలోంచి (బొమ్మని కాగితం మీద స్థిరపరిచే ద్రావణం) తీస్తుంటే తట్టింది. గడ్డం కింద చెయ్యి పెట్టుకోవడం దిగులుకి గుర్తే కావచ్చు, పాత ఫొటోగ్రాఫర్‌కి మాత్రం అది స్టాండు. ఫొటో తీయించుకోవడానికి ఆ పిట్టగోడ మీద ఉన్నవాళ్లందరిలోకీ పోజు బాగా కుదిరింది రాతిబొమ్మకే.

టోపీ మనిషి

ముందు ఈ మనిషిని నేను ‘ఒక సందర్శకుడు’ అని రాశాను. ఇది నాకు అన్నిటికన్నా సిగ్గేసిన తప్పు, ఎందుకంటే ఈయన మా వృత్తివాడు. పేరు ఆన్రీ లె సెక్, 1818లో పుట్టాడు. ఇతనూ, నెగ్రూ దెలారోష్ దగ్గర కలిసి చదువుకున్న స్నేహితులు. 1851లో ఫ్రెంచి చారిత్రక కట్టడాల కమిషన్ దేశంలోని పాత భవనాలు ఏ స్థితిలో ఉన్నాయో ఫొటోలు తీసుకురమ్మని అయిదుగురిని పంపింది. బాల్ద్యూస్, బయార్, ల గ్రే, మెస్త్రాల్, అయిదోవాడు లె సెక్. ఎక్కడ ఏ రాయి ఊడిందో, ఎక్కడ మరమ్మతు కావాలో చూడడానికి ఆ ఫొటోలు. పని పూర్తి చేసి తెచ్చి ఇస్తే కమిషన్ వాటిని ప్రచురించకుండా దాచేసింది. లె సెక్ మాత్రం ఆగలేదు, 1852లో షార్త్ర్ కెథెడ్రల్ శిల్పాలను తీశాడు. నెగ్ర్‌ని ఆ జట్టులోకి తీసుకోలేదు. అతను సొంత ఖర్చుతో దక్షిణ ఫ్రాన్స్ వెళ్లి తీశాడు.

ఇది తెలిశాక ఫొటో నా కళ్ల ముందే మారిపోయింది. కెథెడ్రళ్ల ఫొటోలు తీయడమే పనిగా పెట్టుకున్న మనిషిని, ఒక కెథెడ్రల్ మీద, అదే పనిలో ఉన్న స్నేహితుడు తీసిన ఫొటో ఇది. రాతిబొమ్మ పని చూస్తూ ఉండడం, లె సెక్ పనీ అదే. ఒకటి కొత్త రాయి, పాతదిలా నటిస్తోంది. ఒకటి కొత్త వృత్తి, ఈ భవనం ఎక్కి నిలబడితే దానికీ కాస్త పెద్దరికం వస్తుంది. ఇందులో ప్రతీక అంటూ ఉంటే అది దెయ్యమూ కాదు, దేవుడూ కాదు. పంతొమ్మిదో శతాబ్దం తను తయారు చేసుకున్న మధ్యయుగం పక్కన నిలబడి ఫొటో దిగింది. ఇది నా అభిప్రాయం. వేరేలా చదివేవాళ్లున్నారు, వాళ్లతో తగవు లేదు.

వదిలేసినవి

కాప్షన్‌లో పట్టనివీ, పట్టినా పెట్టకూడదనుకున్నవీ కొన్ని ఉన్నాయి. 1853 జనవరి 30న ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ పెళ్లి ఈ కెథెడ్రల్‌లోనే జరిగింది. అదే ఏడు జూన్‌లో ఓస్మన్ పారిస్ ప్రాంతపు పాలనాధికారిగా వచ్చాడు, తరవాతి ఏళ్లలో ఈ కెథెడ్రల్ చుట్టూ ఉన్న ఇరుకు ఇళ్లను చాలావరకు కూల్చేశాడు. ఆ పాత పారిస్‌ని చివరిసారి చూస్తున్న రాక్షసుడు అని రాస్తే కాప్షన్ భలే పండుతుంది. కానీ లె సెక్‌కి, నెగ్ర్‌కి ఆ రోజు అది తెలియదు. మనకు తెలిసింది వాళ్ల కళ్లలో పెట్టి చదవడం నాకు నచ్చలేదు. 2019 ఏప్రిల్ 15 అగ్నిప్రమాదం కూడా అంతే. పైకప్పు, వియొలె-ల-ద్యూక్ నిలబెట్టిన శిఖరం కాలిపోయాయి, బురుజులూ వాటి మీది బొమ్మలూ మిగిలాయి. ఎగ్జిబిషన్ వాళ్లు దాన్ని తప్పకుండా పెట్టమన్నారు. కుదరదన్నాను. ఈ ఫొటో తీసిన నాటికి ఆ శిఖరమే లేదు, అది 1859లో వచ్చింది.

ప్రింటు సంగతి కూడా రాయాలి. మొదటి మూడూ పాడయ్యాయి. వానాకాలం తేమకి వెండి పూత సమంగా ఆరక లె సెక్ టోపీ మీద గోధుమ రంగు మచ్చ పడింది. కాగితాన్ని ముందు జెలటిన్‌తో గట్టిపరిచి, రెండు శాతం ఉప్పునీళ్లు పట్టించి, పూర్తిగా ఆరాక సిల్వర్ నైట్రేట్ బ్రష్ చేస్తే నాలుగోది కుదిరింది. ఎండలో పద్దెనిమిది నిమిషాలు. హైపోలో వెలుస్తుంది కాబట్టి కావలసినదానికన్నా ముదురుగా అయ్యాక తీశాను. అయినా రాతిబొమ్మ రెక్క దగ్గర నీడ కాస్త మూసుకుపోయింది. దాన్ని అలాగే ఇచ్చాను.

చివరికి గోడ మీద పెట్టిన కాప్షన్ ఇది:

“షార్ల్ నెగ్ర్, పారిస్, 1853. నోట్రడామ్ కెథెడ్రల్ నడవా మీద ఆన్రీ లె సెక్. టోపీ పెట్టుకున్న ఈయన పాత కట్టడాల ఫొటోగ్రాఫర్, నెగ్ర్ స్నేహితుడు. పక్కనున్న రాతిబొమ్మ మధ్యయుగానిది కాదు. 1845 తరవాతి మరమ్మతుల్లో కొత్తగా చెక్కి పెట్టినది. ఇది తూము కాదు, దీని నోట్లోంచి నీళ్లు రావు. వెనక నగరం తెల్లబడింది, అప్పటి నెగెటివ్ నీలం కాంతికి మాత్రమే స్పందించేది కాబట్టి.”

ఇంజనీరుగారు ప్రారంభానికి వచ్చి, నీళ్ల వాక్యం దగ్గర ఆగి, తల ఊపి వెళ్లిపోయారు. ‘స్ట్రీజ్’ అన్న పేరు పెట్టాలా వద్దా అన్నది నాకూ నిర్వాహకులకూ మధ్య చివరిరోజు దాకా తెగలేదు. పేరు లేకపోతే జనం గుర్తుపట్టరని వాళ్లు, ఉంటే ఇక బొమ్మని చూడరని నేను. ఆఖరికి ప్రింటు పక్కన కాకుండా, గది బయట పన్నెండు ఫొటోల పట్టికలో చిన్న అక్షరాల్లో వేశారు.